నలభై దాటాక నేర్చిన ఈత

(శ్రీకాకుళంలో జరిగిన మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇప్పటిదాకా ఏడాది లెక్కలు విన్నాం. పొదుపు ఎంత, బ్యాంకు లింకేజి ఎంత, స్త్రీనిధి బకాయి ఎంత, అన్నీ చదివారు. లెక్కలు అయ్యాక ఒక ఆడమనిషి విజయం గురించి చెప్పమని నన్ను అడిగారు. ఈతలో పేరు తెచ్చుకున్న ఒక తెలుగు మహిళ గురించి చెప్తానన్నాను. "ఈతా? మనకెందుకమ్మా?" అనిపించొచ్చు మీకు. ఆ ప్రశ్నకే జవాబు చెప్పాలని వచ్చాను. కథ ముందు చెప్తాను, మన సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

ఆమె పేరు గోలి శ్యామల. గోదావరి జిల్లాల మనిషి. కాకినాడ దగ్గర సామర్లకోట ఆమె ఊరు. తర్వాత హైదరాబాదులో ఉన్నారు. 2021 మార్చి 19న, తెల్లవారుజామున ఇంకా చీకటి ఉండగానే, శ్రీలంకలో తలైమన్నార్ అనే చోట ఆమె సముద్రంలోకి దిగారు. సాయంత్రానికి మన దేశంలో ధనుష్కోటి దగ్గర ఒడ్డెక్కారు. మధ్యలో ఉన్నది పాక్ జలసంధి. రామసేతు అని మనం చెప్పుకునే చోటు. దూరం సుమారు 30 కిలోమీటర్లు. పట్టిన సమయం 13 గంటల 43 నిమిషాలు. అప్పటికి ఆమె వయసు నలభై అయిదు దాటింది. ఆ జలసంధిని ఈదిన మొదటి తెలుగు మహిళ ఆమే.

ఇది వినగానే, "చిన్నప్పటి నుంచీ ఈత పోటీల్లో తిరిగిన మనిషై ఉంటుంది, మనతో పోలికేంటి" అనుకుంటాం. అక్కడే ఆగండి. శ్యామల గారు ఈత నేర్చుకుందే నలభై దాటాక. అంతకు ముందు ఆమె పని యానిమేషన్. అంటే పిల్లలు టీవీలో చూసే బొమ్మల చిత్రాలు తీయడం, వాటికి కథలు రాయడం. నీళ్లంటే ఆమెకు భయం. మామూలు భయం కూడా కాదు, లోతు నీళ్లు చూస్తే ఒళ్లు బిగుసుకుపోయే భయం. ఆ భయం పోగొట్టుకుందామని ఒక వేసవిలో ఈత శిక్షణ శిబిరంలో చేరారు. ఇలాంటి శిబిరాల్లో ఎక్కువగా ఉండేది చిన్నపిల్లలు. ఆ వయసు ఆడమనిషి అక్కడికి వెళ్లి, అంచు పట్టుకుని నీళ్లలో కాళ్లు కొట్టడం మొదలుపెట్టడమే, నన్నడిగితే, 30 కిలోమీటర్ల కంటే కష్టమైన పని.

ఇలాంటి పని మనకు కొత్త కాదు. సంఘాలు పెట్టిన కొత్తలో యాభై ఏళ్ల పెద్దమ్మలు పలక పట్టి సంతకం నేర్చుకున్నారు. వేలిముద్ర వేసిన చేత్తోనే పేరు రాశారు. ఇంట్లో మనవళ్లు నవ్వినా మానలేదు. ఆ పట్టుదల మన వాళ్లలో ఉంది కాబట్టే ఈ కథ మనకు అర్థమవుతుంది.

సముద్రంలో పదమూడు గంటలు

ఈత కొలనులో నేర్చుకోవడం వేరు, సముద్రంలో ఈదడం వేరు. కొలనులో అంచు ఉంటుంది, అలిసిపోతే పట్టుకోవచ్చు. సముద్రంలో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఇలాంటి సాహస ఈతలకు ఒక నియమం ఉంది. పక్కన పడవ వస్తుంది, అందులో సహాయకులు ఉంటారు, దారి చూపేవాళ్లు ఉంటారు. కానీ ఈదే మనిషి ఆ పడవను ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఆ ఈత లెక్కలోకి రాదు. నీళ్లు, గ్లూకోజు, మెత్తటి ఆహారం ఏమున్నా తాడుకు కట్టి అందిస్తారు. నీళ్లలో తేలుతూనే తాగాలి, తినాలి, మళ్లీ ఈదాలి. ఉప్పునీటికి నోరు పుండవుతుంది. ఎండ వీపు మీద పడుతుంది. జెల్లీ చేపలు ఒంటికి తగిలితే మంట పుడుతుంది. అన్నిటికన్నా పెద్ద చిక్కు నీటి లాగుడు. అది ఒక పక్కకు లాగేస్తుంటే ఎంత ఈదినా ఒడ్డు దగ్గరికి రాదు.

లెక్క వేసి చూద్దాం, లెక్కలు మనకు అలవాటే కదా. 30 కిలోమీటర్లంటే సుమారుగా చల్లపల్లి నుంచి బందరు వెళ్లేంత దూరం. పదమూడున్నర గంటల పైన పట్టింది కాబట్టి గంటకు రెండు కిలోమీటర్ల చిల్లర. మనం రోడ్డు మీద మామూలుగా నడిస్తే గంటకు నాలుగైదు కిలోమీటర్లు పోతాం. అంటే మన నడకలో సగం వేగంతో వెళ్లి ఆమె సముద్రం దాటింది. నిమిషానికి యాభై సార్లు చెయ్యి వేసిందనుకున్నా, మొత్తం నలభై వేల సార్లు పైనే చెయ్యి వేసినట్టు. ఒక్కో బార ఎంత? మీటరు కూడా ఉండదు. వారం వారం పొదుపు కట్టే మనకు ఈ లెక్క చెప్పక్కర్లేదు.

ఆమె ఒక్కతే సాధించిందని కూడా అనను. పోలీసు శాఖలో ఉన్నతాధికారిగా పనిచేసిన రాజీవ్ త్రివేది గారు 2012లో తానే పాక్ జలసంధిని ఈదారు. శ్యామల గారికి దారి చూపి, సాధన చేయించింది ఆయనే. రెండు దేశాల అనుమతులు కావాలి, పడవలు కావాలి, డాక్టరు కావాలి, ఖర్చు ఉంటుంది. ఇన్ని చేతులు పడితే ఒక మనిషి దాటింది.

అంతటితో ఆమె ఊరుకోలేదు. యాభై దాటాక, 2024 డిసెంబరు 28న విశాఖపట్నం ఆర్కే బీచ్‌లో సముద్రంలోకి దిగారు. రోజుకు సుమారు 30 కిలోమీటర్ల చొప్పున ఈదుతూ 2025 జనవరి మొదటి వారంలో కాకినాడ తీరం చేరారు. మొత్తం 150 కిలోమీటర్లు. మన ఆంధ్ర తీరం వెంబడే, మన బంగాళాఖాతంలోనే.

ఆమెకంటే ముందు నడిచిన వాళ్లు

ఈ దారి వేసినవాళ్లు ఇంకొందరున్నారు. కలకత్తాలో ఆరతీ సాహా అనే అమ్మాయి ఉండేది. రెండేళ్లు దాటిన వయసులోనే తల్లి పోయింది. గంగ ఒడ్డున స్నానాల రేవుకు వెళ్తూ వెళ్తూ ఈత నేర్చుకుంది. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌కు మన దేశం పంపిన ఆడపిల్లలు నలుగురే. అందులో ఈమె అందరికన్నా చిన్నది. అప్పటికి పన్నెండేళ్లు కూడా నిండలేదు.

తర్వాత ఆమె ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ మధ్య ఉన్న ఇంగ్లిష్ చానెల్ ఈదాలని వెళ్లింది. 1959 ఆగస్టులో మొదటిసారి దిగింది. దారి చూపే పడవ ఆలస్యంగా వచ్చింది. ఆ ఆలస్యంతో నీటి లాగుడు ఎదురు తిరిగింది. ఒడ్డు ఇంకా కొంత దూరంలో ఉందనగా ఆపేయాల్సి వచ్చింది. ఆమె ఇంటికి తిరిగి రాలేదు. అక్కడే ఉండి, నెల తర్వాత సెప్టెంబరు 29న మళ్లీ దిగి 16 గంటల 20 నిమిషాల్లో దాటింది. అప్పటికి ఆమె వయసు పందొమ్మిదేళ్లు. ఆ చానెల్ ఈదిన మొదటి ఆసియా మహిళ. మరుసటి ఏడాది పద్మశ్రీ ఇచ్చారు. క్రీడల్లో ఆ గౌరవం అందుకున్న మొదటి భారతీయ మహిళ కూడా ఆమే.

బెంగాల్‌కే చెందిన బులా చౌదరి ఇంకొకరు. ఇంగ్లిష్ చానెల్‌ను రెండుసార్లు ఈదారు. 2004లో పాక్ జలసంధి దాటారు. శ్యామల గారి కంటే ముందు ఆ నీళ్లు దాటిన ఆడమనిషి ఆమె.

ఈ ముగ్గురిలో ఒక పోలిక కనిపిస్తుంది. ముగ్గురూ నీళ్ల పక్క ప్రాంతాల వాళ్లే. గంగ, హుగ్లీ ఒడ్డున ఇద్దరు, గోదావరి సీమలో ఒకరు. మరి మనం?

కృష్ణమ్మ ఒడ్డున మనం

శ్రీకాకుళం అనగానే బయటివాళ్లు ఉత్తరాంధ్ర జిల్లా అనుకుంటారు. మనది ఆంధ్ర మహావిష్ణువు కొలువైన శ్రీకాకుళం. ఒక పక్క కరకట్ట, కట్ట అవతల కృష్ణ. ఇంకో పక్క కాలువ. కాస్త కిందికి పోతే పులిగడ్డ దగ్గర నది చీలుతుంది. ఆ చీలికల మధ్య దివిసీమ. ఇంకా దిగితే హంసలదీవి దగ్గర సాగర సంగమం. బందరు వైపు వెళ్తే కాలువ, గుడివాడ వైపు వెళ్తే కాలువ, చేపల చెరువులు. మన ఇళ్లలో ఏ గుమ్మం నుంచి నడిచినా పది నిమిషాల్లో నీళ్లు వస్తాయి. గిన్నెలు తోమేది ఆ రేవులోనే, బట్టలు ఉతికేది ఆ రేవులోనే, గేదెల్ని కడిగేది అక్కడే. కార్తీక స్నానాలకు దిగేది ఆ నీళ్లలోనే.

ఇంత నీళ్ల మధ్య బతికే మనలో ఎంతమందికి ఈత వచ్చు? మగపిల్లలకు చాలామందికి వస్తుంది. ఎవరూ నేర్పకుండానే కాలువలో దూకి నేర్చుకుంటారు. ఆడపిల్ల పదేళ్లు దాటిందంటే "కాలువ దగ్గరికి పోవద్దు" అంటాం. దిగకూడదు, తడవకూడదు, పరుగెత్తకూడదు. కానీ అదే పిల్లను గిన్నెలు తోముకురమ్మని రేవుకు పంపేది కూడా మనమే. నీళ్ల దగ్గర ఎక్కువసేపు ఉండేది ఆడవాళ్లు. ఈత రానిది ఆడవాళ్లకే. ఈ లెక్క ఎక్కడ కుదురుతుందో మీరే చెప్పండి.

1977 నవంబరు 19 మాట ఈ సభలో పెద్దవాళ్లకు చెప్పక్కర్లేదు. దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారని లెక్కలు చెప్తాయి. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి పేర్లు చెబితే ఇప్పటికీ కళ్లు తడిసేవాళ్లు ఉన్నారు. నేనొక మాట స్పష్టంగా చెప్తాను. తాటిచెట్టంత అల వచ్చినప్పుడు ఈత ఎవరినీ కాపాడదు. అప్పుడు కాపాడేది ముందస్తు హెచ్చరిక, తుఫాను షెల్టరు, వెంటనే ఇల్లు వదిలి రావడం. ఈత వస్తే ఉప్పెనను గెలుస్తామని ఎవరైనా చెబితే నమ్మకండి.

కానీ మన పిల్లలు పోతున్నది ఉప్పెనల్లో కాదు. మామూలు రోజుల్లో, మామూలు నీళ్లలో. కాలు జారి కాలువలో పడితే. చెప్పు కొట్టుకుపోతుందని అందుకోబోతే. సెలవుల్లో నదిలో స్నానానికి దిగి, ఇసుక తీసిన గుంటలో కాలు పడితే. ఒకరు మునుగుతుంటే కాపాడబోయి ఇంకొకరు మునిగితే. పేపర్లో రెండు లైన్ల వార్త వస్తుంది. ఆ ఇంట్లో మాత్రం ఆ రోజు ఎప్పటికీ ముగియదు.

2017 నవంబరులో ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా చనిపోయారు. కార్తీక మాసంలో నది చూడ్డానికి వచ్చిన వాళ్లే. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీళ్లు వదిలినప్పుడు, మన కరకట్ట మీద రాత్రంతా ఎవరూ నిద్రపోలేదు. 2028లో కృష్ణా పుష్కరాలు వస్తాయి. అప్పుడు మన రేవులకు ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. నీళ్లు ఎప్పుడూ ఇక్కడే ఉంటాయి. మనం వాటితో ఎలా బతకాలో నేర్చుకోవాలి.

మునిగేది ఎందుకు, తేలేది ఎలా

ఊపిరి నిండా గాలి ఉంటే మనిషి ఒళ్లు దానంతటదే తేలుతుంది. మునిగేది కంగారు వల్ల. నీళ్లలో పడగానే చేతులు పైకెత్తి అరుస్తాం. చేతులు నీటి పైకి వస్తే ఆ బరువుకు తల కిందికి పోతుంది. అరిచిన నోట్లోకి నీళ్లు పోతాయి. ఇంకా కంగారు పడతాం. చాలాసార్లు మునిగే మనిషి అరవను కూడా అరవలేడు, ఊపిరికే సరిపోదు. పక్కనే ఉన్నవాళ్లకు కూడా తెలియకుండా అయిపోతుంది.

అందుకే ఈత నేర్పేవాళ్లు ముందు చేతులూ కాళ్లూ కొట్టడం నేర్పరు. ముందు ఊపిరి. మూతి నీళ్లలో పెట్టి బుడగలు వదలడం. తల పైకి తీసి పీల్చడం. రెండోది వెల్లకిలా తేలడం. చెవులు నీళ్లలో ఉంటాయి, ముఖం ఆకాశం వైపు ఉంటుంది, చేతులు పక్కలకు చాపాలి. అలా అరనిమిషం తేలగలిగిన పిల్ల ఎవరైనా తాడు విసిరేదాకా బతికి ఉంటుంది. శ్యామల గారి మొదటి పాఠాలు కూడా ఇలాంటివే అయ్యుంటాయి. సముద్రం దాటిన మనిషికైనా, కాలువ దాటాల్సిన పిల్లకైనా మొదటి మెట్టు ఒకటే.

దీన్ని ఒక దేశం పెద్ద ఎత్తున చేసి చూపించింది. మనలాగే నదులు, చెరువులు, వరదలు ఉన్న బంగ్లాదేశ్. అక్కడ పల్లెల్లో రెండు పనులు చేశారు. ఒకటి, అయిదేళ్లలోపు పిల్లలను తల్లులు పనిలో ఉండే ఉదయం వేళల్లో ఊళ్లోనే ఒక ఇంట్లో, ఒక ఆడమనిషి కాపలాలో ఉంచారు. ఎందుకంటే చిన్నపిల్లలు నీళ్లలో పడేది ఎక్కువగా అమ్మ వంటలో, ఇంటిపనిలో ఉండే ఆ గంటల్లోనే. రెండు, ఆరేళ్లు దాటిన పిల్లలకు ఊరి చెరువులోనే ఈత నేర్పారు. ఖరీదైన కొలనులు కట్టలేదు. చెరువు ఒడ్డున వెదురు బొంగులతో లోతు తక్కువగా ఉండేటట్టు ఒక దడి, అడుగున వెదురు తట్టు కట్టారు. అందులో దింపి నేర్పారు. 25 మీటర్లు ఈదాలి, 30 సెకన్లు తేలాలి, ఒడ్డు నుంచి కర్ర అందించి ఇంకొకరిని లాగడం రావాలి. పరీక్ష అంతే. ఈ రెండు పనుల వల్ల అక్కడ పిల్లల మునక చావులు బాగా తగ్గాయని పరిశోధనలు తేల్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు అన్ని దేశాలకూ ఈ పద్ధతులే చెబుతోంది. ప్రపంచం మొత్తం మీద 2021లో మూడు లక్షల మంది నీళ్లలో మునిగి చనిపోయారని ఆ సంస్థ అంచనా. ఏటా జూలై 25ను మునక మరణాల నివారణ దినంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. మన దగ్గర కాలువలు నిండుగా పారే రోజులూ అవే.

మనం అనుకునే అడ్డంకులు

సంఘం మీటింగుల్లో ఈ మాట ఎత్తితే ఏమొస్తుందో నాకు తెలుసు. "ఏం బట్టలు వేసుకుంటారు?" అంటారు. లెగ్గింగు, ఒంటికి పట్టే పొడుగు చేతుల టీషర్టు చాలు. చీర, చున్నీ మాత్రం వద్దు, తడిస్తే కాళ్లకు చుట్టుకుని లాగేస్తాయి. "మగవాళ్లు నేర్పితే ఎలా?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే ముందు మనలో ఊరికి ఇద్దరు ఆడవాళ్లు నేర్చుకోవాలి, వాళ్లు మిగతా వాళ్లకు నేర్పాలి. బుక్‌కీపింగ్ ఇలాగే నేర్చుకున్నాం కదా, మండలంలో నలుగురితో మొదలై ఊరూరికీ వచ్చింది. "పిల్ల నల్లబడుతుంది, జుట్టు పాడవుతుంది, పెళ్లి చేయాల్సిన పిల్ల" అంటారు. దీనికి నా దగ్గర జవాబు లేదక్కా. బతికున్న పిల్లకే కదా పెళ్లి చేసేది.

"ఈ వయసులో మాకెందుకు, పిల్లలకు నేర్పండి చాలు" అనే మాట కూడా వస్తుంది. అందుకే శ్యామల గారి కథ చెప్పాను. తల్లికి నీళ్లంటే భయమైతే పిల్లను నీళ్ల దగ్గరికి పోనివ్వదు. పోనివ్వకపోతే పిల్లకు రాదు. ఆ పిల్ల తల్లయ్యాక మళ్లీ అదే భయం. ఈ వరస ఎక్కడో ఒక తల్లి దగ్గర తెగాలి. మీరు సముద్రం దాటక్కర్లేదు. రేవులో నడుము లోతు నీళ్లలో తేలడం నేర్చుకుంటే చాలు.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. ఈ మాట విని రేపు పొద్దున్నే పిల్లల్ని తీసుకెళ్లి కాలువలో దింపకండి. కాలువ వదిలిన రోజుల్లో పారుడు మనకు కనిపించే దానికన్నా ఎక్కువ ఉంటుంది. తూముల దగ్గర, లాకుల దగ్గర, వంతెన కింద సుడి ఉంటుంది. నదిలో ఇసుక గుంటలుంటాయి. నేర్చుకునేది నిలకడ నీళ్లలో, లోతు కొలిచిన చోట, తెలిసినవాళ్ల ఎదుట, గట్టు మీద తాడు పెట్టుకుని. ఒంటరిగా ఎప్పుడూ కాదు. మూర్ఛలు, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా దిగొద్దు.

ఈ సభ ముందు మూడు ప్రతిపాదనలు

మాటలు చెప్పి పోవడం నాకిష్టం లేదు. వచ్చే ఏడాది నివేదికలో పొదుపు లెక్కల పక్కన ఇంకో లెక్క ఉండాలని నా కోరిక. అందుకు మూడు పనులు సభ ముందు పెడుతున్నాను. చర్చించి, మార్చాల్సింది మార్చి, తీర్మానం చేయమని అడుగుతున్నాను.

మొదటిది, ఖర్చు లేని పని. ప్రతి గ్రామ సంఘం తన ఊళ్లో ప్రమాదకరమైన రేవులు, తూములు, గట్టు తెగిన చోట్లు, కంచె లేని చెరువులు ఒక కాగితం మీద రాయాలి. ఏ ఇళ్లలో అయిదేళ్లలోపు పిల్లలు నీళ్లకు దగ్గరగా ఉన్నారో రాయాలి. ఆ కాగితం పంచాయతీకి ఇవ్వాలి, అంగన్‌వాడీ టీచరుకు ఇవ్వాలి. కూలికి వెళ్లే తల్లి పిల్లను ఎవరి దగ్గర వదులుతోందో సంఘం మీటింగులో అడగాలి. బాకీ ఎంత అని అడుగుతున్నాం కదా, ఇది కూడా అడుగుదాం.

రెండోది, కొద్దిపాటి ఖర్చు. ప్రతి రేవులో ఒక పొడుగు వెదురు గెడ, ఇరవై మీటర్ల తాడుకు కట్టిన మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ క్యాను ఉంచాలి. ఎవరైనా మునుగుతుంటే నీళ్లలోకి దూకొద్దు. మునిగే మనిషి కాపాడబోయినవాళ్ల మెడ పట్టుకుంటుంది, ఇద్దరూ పోతారు. గట్టు మీద బోర్లా పడుకుని గెడ అందించాలి. అందకపోతే క్యాను విసరాలి. ఏదీ లేకపోతే చీర కొంగైనా అందించాలి. బయటికి తీశాక తలకిందులుగా వేలాడదీయడం, గిరగిరా తిప్పడం, పొట్ట నొక్కడం చేయొద్దు. వాటి వల్ల విలువైన నిమిషాలు పోతాయి. ఊపిరి ఆడకపోతే వెంటనే నోటితో ఊపిరి ఊదాలి, ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కాలి. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. ఇది మాటలతో వచ్చేది కాదు. బొమ్మ మీద చేసి చూపిస్తేనే వస్తుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వాళ్లను అడిగి ప్రతి గ్రామ సంఘం మీటింగులో ఒకసారి నేర్పించుకుందాం.

మూడోది, ఓపిక కావాల్సిన పని. వచ్చే వేసవి సెలవుల్లో మండలంలో ఒక మంచి చోటు చూసి, ఆడపిల్లలకూ వాళ్ల తల్లులకూ ఉదయం పూట విడిగా ఈత తరగతి మొదలుపెట్టాలి. మొదటి ఏడాది ఊరికి ఇద్దరు చాలు. నీళ్లు తెలిసిన మత్స్యకార కుటుంబాల అక్కలు మన సంఘాల్లోనే ఉన్నారు, వాళ్ల సాయం తీసుకుందాం. స్కూలు పీఈటీ మాస్టార్లను, టీచర్లను అడుగుదాం. కొలత బంగ్లాదేశ్ వాళ్లదే పెట్టుకుందాం. 25 మీటర్లు ఈదాలి, అరనిమిషం తేలాలి. ఆ కొలత దాటిన పిల్ల పేరు, తల్లి పేరు సంఘం మినిట్స్ పుస్తకంలో రాయాలి.

ఇందులో ఒక పిల్ల రేపు పోటీలకు వెళ్తే సంతోషం. విజయవాడలో కృష్ణా నదిని అడ్డంగా ఈదే పోటీలు జరుగుతుంటాయి, ఆడవాళ్లు కూడా పాల్గొంటున్నారు. శ్యామల గారి వంటి మనిషి మన మండలం నుంచి వస్తే ఇదే వేదిక మీద శాలువా కప్పుదాం. కానీ నేను ముందు చూసేది పతకం కాదు. వచ్చే మహాసభకు మనలో ఏ ఒక్క అక్కా నీళ్లలో బిడ్డను పోగొట్టుకుని ఇక్కడికి రాకూడదు. అది నాకు చాలు.

సంఘంలో చేరిన కొత్తలో బ్యాంకు మెట్లెక్కడానికి భయపడిన వాళ్లం. మేనేజరు గారి ఎదుట కుర్చీలో కూర్చోవడానికి కాళ్లు వణికిన వాళ్లం. ఇవాళ లక్షల అప్పు తెచ్చి, వడ్డీతో సహా తీర్చి, రసీదు అడిగి తీసుకుంటున్నాం. రేవులో దిగడానికి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోవడం మనకు కష్టం కాదు.

ఈ మూడు ప్రతిపాదనల మీద మీ మీ గ్రామ సంఘాల తరఫున అభిప్రాయం చెప్పమని కోరుతున్నాను.